అంజన్న గుట్ట నుంచి ఆర్కిడ్ జిగురు దాకా: అంకెల్లో ఒక మందు కథ

లక్ష్మణుడి కోసం ఆంజనేయుడు సంజీవని పర్వతాన్ని మోసుకెళ్తుంటే ఒక ముక్క విరిగి ముత్యంపేట దగ్గర పడిందని, అదే కొండగట్టు అయిందని అక్కడి స్థలపురాణం. మూలిక ఏదో గుర్తుపట్టలేకే కదా ఆయన కొండనంతా ఎత్తుకొచ్చింది! ఆ మూలిక ఏదై ఉంటుందో వెతుకుతూ కె.ఎన్. గణేశయ్య, ఆర్. వాసుదేవ, ఆర్. ఉమాశంకర్ 2009లో ‘కరెంట్ సైన్స్’లో ఒక వ్యాసం రాశారు. వాళ్ల వడపోతలో చివరిదాకా నిలిచిన మొక్కల్లో ఒకటి ఆర్కిడ్. చెట్టుకొమ్మల మీద బతికే ఆ జాతి మొక్కల్లోని జిగురు మీదే ఇప్పుడు ల్యాబుల చూపు. ఆ జిగురులోని పాలీశాకరైడ్లు, అంటే పొడవాటి చక్కెర గొలుసులు, ఒంట్లో వాపును అణచగలవా అన్నది ప్రశ్న. అంకెలు పట్టుకుని వెళ్తే జవాబు దారి తెలుస్తుంది.

1,256

భారత వృక్ష సర్వేక్షణ సంస్థ 2019లో లెక్కతేల్చిన మన దేశపు ఆర్కిడ్ల సంఖ్య ఇది. వీటిలో 388 మన దేశంలో తప్ప ఇంకెక్కడా పెరగవు. 757 రకాలు చెట్ల మీద పెరిగేవి. దక్కన్ మెట్ట అడవుల్లో మామిడి, ఇప్ప చెట్ల కొమ్మలను పట్టుకుని పెరిగే వందా టెస్సలేటా అలాంటిదే. చెట్టు మీద మొలిచే మొక్క కనిపిస్తే బదనిక అనేస్తాం గానీ, అసలు బదనిక చెట్టు రసం పీలుస్తుంది. ఆర్కిడ్ కొమ్మను ఆసరాగా మాత్రమే వాడుకుంటుంది. దాని తెల్లటి వేర్లు గాలిలోని తేమను, వాన నీటిని పట్టుకుంటాయి.

కీళ్లనొప్పులకు వాడే ‘రాస్న’ పేరుతో కొన్నిచోట్ల ఈ వందా వేరునే అమ్ముతారు. అదే పేరుతో ఉత్తరాదిలో ప్లూకియా, దక్షిణాదిలో దుంపరాష్ట్రం వాడతారు. పేరు ఒకటే, మొక్కలు మూడు. అంజన్నకు ఎదురైన చిక్కు ఇంకా తీరలేదు.

25 శాతం

ఆర్కిడ్ పాలీశాకరైడ్ల మీద ఎక్కువ పని జరిగింది చైనాలో, డెండ్రోబియం అఫిసినేల్ అనే మొక్క మీద. ఎండిన కాండంలో పాలీశాకరైడ్లు కనీసం 25 శాతం ఉండాలని ఆ దేశ ఔషధ ప్రమాణ గ్రంథం నియమం పెట్టింది. అంటే 100 గ్రాముల పొడిలో 25 గ్రాములు. ఇందులో ముఖ్యమైనది గ్లూకోమానన్. గ్లూకోజ్, మానోజ్ అనే రెండు చక్కెరలు దండలో పూసల్లా కలిసిన గొలుసు అది.

ఈ గొలుసులు సిరిసిల్ల నేతన్నలకు కొత్త కాదు. మగ్గం మీద పోగు తెగకుండా నూలుకు పట్టించే గంజి కూడా పాలీశాకరైడే. కాకపోతే గంజి గొలుసులో గ్లూకోజ్ ఒక్కటే ఉంటుంది, పూసల ముడి వేరుగా ఉంటుంది. అందుకే గంజి మన కడుపులో అరుగుతుంది. గ్లూకోమానన్ ముడిని విప్పే ఎంజైమ్ మనకు లేదు. అది అరగకుండా పెద్దపేగు దాకా పోయి అక్కడి బ్యాక్టీరియాకు మేత అవుతుంది.

1:20

జిగురు తీసే పద్ధతి వంటింటికి దగ్గరగానే ఉంటుంది. ముందు పొడిని ఆల్కహాల్‌లో మరిగించి రంగు, నూనె, చిన్న చక్కెరలు తీసేస్తారు. తర్వాత పొడికి 20 రెట్లు నీళ్లు పోస్తారు. 100 గ్రాములకు 2 లీటర్లన్న మాట. 80 నుంచి 100 డిగ్రీల వేడిలో రెండేసి గంటలు, రెండు మూడు దఫాలు కాచి వడగడతారు. వచ్చిన కషాయాన్ని పావు లీటరుకు ఇగరబెట్టామనుకుందాం. దానికి నాలుగింతలు, అంటే లీటరు, 95 శాతం ఆల్కహాల్ పోస్తే మొత్తంలో ఆల్కహాల్ దాదాపు 76 శాతానికి చేరుతుంది.

చూడముచ్చటైన ఘట్టం ఇదే. చిక్కటి కషాయంలో తెల్లటి పోగులు లేస్తాయి, ఒకదానికొకటి చుట్టుకుంటాయి, దూదిపింజల్లా అడుక్కి దిగుతాయి. నీళ్లలో కరిగే చక్కెర గొలుసు ఆల్కహాల్‌లో కరగదు. బెండకాయ ముక్కలు నానబెట్టిన జిగట నీళ్లలో స్పిరిట్ పోసినా ఇలాంటి పోగులే తేలుతాయి. గిన్నెను రాత్రంతా 4 డిగ్రీల చలిలో ఉంచి, తెల్లారి అడుగున పేరుకున్నదాన్ని వేరు చేస్తారు.

3,500

అలా తీసిన జిగురులో ఇంకా మాలిన్యాలుంటాయి. నాలుగు పాళ్లు క్లోరోఫామ్, ఒక పాలు బ్యుటనాల్ కలిపి గిలకొడితే ప్రొటీన్లు విడిపోతాయి. తర్వాత సన్నటి రంధ్రాల గొట్టంలో పోసి నీళ్లలో వేలాడదీస్తారు. ఆ రంధ్రాలు దాటనిచ్చే బరువు తరచుగా 3,500 డాల్టన్లు (డాల్టన్ అంటే అణువుల బరువు కొలత). గొలుసులో ఒక్కో పూస బరువు 162 డాల్టన్లు. లెక్కవేస్తే 21 పూసల లోపు గొలుసులు బయటికి పోతాయి, పొడవైనవి లోపలే ఉంటాయి.

490

ఎంత మిగిలిందో కొలిచే పరీక్ష 1956 నాటిది. ఫినాల్, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపితే ద్రావణం నారింజ రంగుకు తిరుగుతుంది. 490 నానోమీటర్ల కాంతిలో ఆ రంగు ఎంత చిక్కగా ఉందో చూసి చక్కెర లెక్క కడతారు. మోసానికి సందు ఇక్కడే ఉంది. ఈ పరీక్ష ఏ చక్కెరనైనా పట్టుకుంటుంది గానీ, అది ఏ మొక్కదో చెప్పదు. ఆర్కిడ్ పొడిలో గంజి పిండి కలిపినా రంగు తిరుగుతుంది, శాతం పెరుగుతుంది. అందుకే చైనా ప్రమాణం రెండో అంకె కూడా అడుగుతుంది: మానోజ్ 13 నుంచి 38 శాతం మధ్య ఉండాలి. గంజిలో మానోజ్ ఉండదు కాబట్టి కల్తీ అక్కడ బయటపడుతుంది. 25 కన్నా ఈ 13 మీదే నా నమ్మకం ఎక్కువ.

0.1 మిల్లీలీటరు

వాపు తగ్గిందని ఎలా తేలుస్తారు? ఎలుక పాదంలో 1 శాతం క్యారజీనన్ ద్రావణాన్ని 0.1 మి.లీ. ఎక్కించడం పాత పద్ధతి. కొన్ని గంటల్లో పాదం వాస్తుంది. మందు ఇచ్చిన ఎలుకలో వాపు ఎంత తగ్గిందో కొలుస్తారు. ఈ క్యారజీనన్ కూడా సముద్రంలో పెరిగే ఎర్ర నాచు నుంచి తీసిన పాలీశాకరైడే! ఒక గొలుసు వాపు తెస్తుంది, ఇంకొకటి తగ్గిస్తుందంటున్నారు. ‘పాలీశాకరైడ్లు ఉన్నాయి’ అన్న మాట ఒక్కటే చూసి మందు సీసా కొనకూడదనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

డెండ్రోబియం గొలుసులు ఎలుకల కణాల్లో, ఎలుకల పేగుల్లో టీఎన్ఎఫ్-ఆల్ఫా, ఐఎల్-6 వంటి వాపు సంకేతాలను తగ్గించినట్టు చాలా ప్రయోగాలు చూపాయి. మనుషుల మీద అంత బలమైన రుజువు ఇంకా రాలేదు.

1,000 నుంచి 4,000

టర్కీలో ఆర్కిడ్ దుంపల పొడితో ‘సాలెప్’ అనే వేడి పానీయం కాస్తారు. దాని చిక్కదనమూ గ్లూకోమానన్‌దే. కిలో పొడికి 1,000 నుంచి 4,000 దుంపలు తవ్వాలి. అంటే ఒక్కో మొక్క ప్రాణానికి దక్కేది పావు గ్రాము నుంచి గ్రాము. అడవి ఈ లెక్కకు తట్టుకోదు. ఆర్కిడ్ విత్తనంలో మొలకకు తిండి నిల్వ ఉండదు, మట్టిలోనో బెరడులోనో తగిన శిలీంధ్రం దొరికితేనే మొలుస్తుంది. శిలీంధ్రం లేకుండా చక్కెర కలిపిన జెల్లీ మీద మొలిపించే దారిని 1922లో లూయిస్ నడ్సన్ చూపాడు. ఈనాటి టిష్యూ కల్చర్ తోటలకు అదే పునాది.

కాబట్టి కొమ్మ మీద వందా కనిపిస్తే వేరు పీకి నూరుకోవడం వల్ల ఒరిగేదేమీ లేదు. దానిమీద జరిగిన వాపు పరీక్షల్లో ఎక్కువ భాగం ఆల్కహాల్ సారంతో చేసినవే, డెండ్రోబియం జిగురు లెక్క దానికి అతకదు. సీసా కొనేవాళ్లు మాత్రం మూడే అడగాలి: మొక్క ఏది, మానోజ్ ఎంత, తోటదా అడవిదా? అంజన్నకు అడిగే వ్యవధి లేక కొండనెత్తాడు. మనకు ఆ తొందర లేదు.