మలిసంధ్యలో ఆరోగ్య బీమా

‘ఆరోగ్యమే మహాభాగ్యం’ అన్నారు పెద్దలు. ఆ భాగ్యం విలువ మనిషికి వార్ధక్యంలోనే పూర్తిగా బోధపడుతుంది. పదవీ విరమణతో ఆదాయం తగ్గుతుంది. వైద్య వ్యయం మాత్రం ఆ వయసులోనే పెరుగుతుంది. ఒక్క శస్త్రచికిత్సతో జీవితకాలపు పొదుపంతా హరించుకుపోయే ప్రమాదం ఉంది. ఇటువంటి ఆపదలో ఆదుకొనేదే ఆరోగ్య బీమా. అనేకులు చెల్లించే కొద్దిపాటి సొమ్ముతో నిధి ఏర్పరచి, అవసరం కలిగిన కొందరికి దాని నుండి సహాయం అందించడమే బీమా సూత్రం.

మన దేశంలో విశ్రాంత జీవులకు ప్రధానంగా రెండు మార్గాలున్నాయి. మొదటిది ప్రభుత్వ పథకాలు. రెండవది బీమా కంపెనీలు విక్రయించే పాలసీలు.

ప్రభుత్వ పథకాలు

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల కోసం 1954లో ఢిల్లీలో ప్రత్యేక ఆరోగ్య పథకం ప్రారంభమైంది. ఈ పథకంలో పింఛనుదారులు పదేళ్ల చందాను ఒకేసారి చెల్లించి జీవితాంతం వైద్య సౌకర్యం పొందవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 2007లో పేదల కోసం ఆరోగ్యశ్రీ మొదలైంది. 2018లో కేంద్రం ఆయుష్మాన్ భారత్ పథకాన్ని ప్రవేశపెట్టింది. 2024 అక్టోబరులో దానిని 70 ఏళ్లు నిండిన వారందరికీ, ఆదాయంతో నిమిత్తం లేకుండా విస్తరించింది. పథకంలో చేరిన రాష్ట్రాలలో ఈ వృద్ధులకు కుటుంబానికి ఏటా 5 లక్షల రూపాయల వరకు ఉచిత చికిత్స లభిస్తుంది.

ఈ పథకంలో ప్రీమియం లేదు. పాత జబ్బులకు సైతం మొదటి రోజు నుండే చికిత్స పొందవచ్చు. అయితే పథకం గుర్తించిన ఆసుపత్రులలో మాత్రమే చేరాలి. మధుమేహం, రక్తపోటు వంటి వాటికి నిత్యం వాడే మందుల ఖర్చు దీని పరిధిలోకి రాదు. ఇంట్లో ఇద్దరు వృద్ధులుంటే ఆ 5 లక్షలను ఇద్దరూ పంచుకోవలసిందే.

కంపెనీల పాలసీలు

1986లో ప్రభుత్వ రంగ బీమా కంపెనీలు ‘మెడిక్లెయిమ్’ పాలసీని ప్రవేశపెట్టాయి. 2000 నుండి ప్రైవేటు కంపెనీలకూ ఈ రంగంలో అనుమతి లభించింది. 65 ఏళ్లు దాటినవారికి కొత్త పాలసీలు నిరాకరించే అవకాశమిచ్చిన నిబంధనను హైదరాబాదు కేంద్రంగా గల బీమా నియంత్రణ సంస్థ 2024లో తొలగించింది.

పాలసీ తీసుకున్నవారికి ఆసుపత్రిని ఎంచుకొనే స్వేచ్ఛ ఎక్కువ. బీమా మొత్తాన్ని శక్తి కొలదీ పెంచుకోవచ్చు. కాని వయసుతోపాటు ప్రీమియమూ పెరుగుతుంది. అప్పటికే ఉన్న జబ్బులకు గరిష్ఠంగా మూడేళ్ల నిరీక్షణ కాలం ఉండవచ్చు. కొన్ని పాలసీలలో రోగి తన వంతు భరించాలన్న షరతు ఉంటుంది. ఆ వాటా 20 శాతమైతే, 4 లక్షల బిల్లులో 80 వేలు రోగియే చెల్లించాలి. ఉన్న జబ్బును దాచి పాలసీ తీసుకుంటే, అవసర సమయంలో సొమ్ము అందకపోవచ్చు.

నిర్ణయం ఎప్పుడు?

సంస్థలు తమ ఉద్యోగులకు కల్పించే సామూహిక బీమా సాధారణంగా పదవీ విరమణతో ముగుస్తుంది. ప్రైవేటు ఉద్యోగి 58వ ఏట విరమించాడనుకుందాం. వృద్ధుల ఉచిత పథకం అందడానికి అతడికి ఇంకా పన్నెండేళ్లు ఉంది. విరమణ తరువాత పాలసీ కొంటే, నిరీక్షణ కాలం అప్పుడే మొదలవుతుంది. 54వ ఏటనే సొంత పాలసీ తీసుకొని ఏటా కొనసాగిస్తే, విరమణ నాటికి ఆ గడువు తీరిపోతుంది. 70 ఏళ్లు నిండాక ప్రభుత్వ పథకాన్ని ఆధారం చేసుకొని, స్తోమతను బట్టి పాలసీని కొనసాగించవచ్చు. ప్రైవేటు పాలసీ ఉన్నంత మాత్రాన ఆ పథకానికి అర్హత పోదు.

కనుక ఈ రెండింటిలో ఏది గొప్పదన్న వాదన కన్నా, ఏ వయసులో ఏది అక్కరకు వస్తుందన్న వివేచన ముఖ్యం. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి. విద్యార్థులు తమ ఇంట్లోని పెద్దల బీమా పత్రాన్ని చదివి, అందులోని షరతులను వారికి వివరించగలిగితే, అది వారు చేయగల గొప్ప సేవ.