లోకం వణికిన వేళ సంఘం అడగవలసిన ప్రశ్న

ఎక్కడో భూకంపం వస్తుంది. ఇంకెక్కడో యుద్ధం మొదలవుతుంది. పేరు తెలియని జబ్బు ఒకటి దేశాలు దాటి మన వీధిలోకి వస్తుంది. పేపర్లో, టీవీలో, చేతిలోని ఫోనులో ఆ దృశ్యాలు చూసి మన మనసు కలవరపడుతుంది. అది సహజమే, విశ్వాసి రాయి కాదు కదా! అయితే ఆ కలవరంలో మన నోట ముందుగా వచ్చే ప్రశ్న ఏమిటి? మన విశ్వాసం ఎలాంటిదో ఆ ప్రశ్నే చెబుతుంది.

సాధారణంగా మన మధ్య రెండు ప్రశ్నలు వినబడతాయి. 'ఇది ఎవరి పాపానికి శిక్ష?' అన్నది మొదటిది. 'ఇది అంత్యదినాల సూచనేనా? ప్రభువు రాకడ ఎప్పుడు?' అన్నది రెండవది. రెండూ భక్తిగానే కనిపిస్తాయి, వాక్యంలోంచే పుట్టినట్టు ఉంటాయి. యేసుప్రభువు కూడా ఈ రెండు ప్రశ్నలనూ విన్నాడు. కానీ అడిగినవారు ఆశించిన జవాబు మాత్రం ఆయన ఇవ్వలేదు.

ఒకరోజు కొందరు ఆయన దగ్గరకు ఒక దుర్వార్త తెచ్చారు. బలి అర్పించడానికి వచ్చిన గలిలయులను పిలాతు చంపించాడట. వారి రక్తం బలుల రక్తంతో కలిసిపోయిందట. ఆ వార్త విని యేసే మరో సంఘటనను గుర్తుచేశాడు. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయారు కదా అన్నాడు (లూకా 13:1-5). ఒకటి అధికారి క్రూరత్వం, మరొకటి ప్రమాదం. నేటి వార్తల్లో మనం చూసేవి కూడా ఎక్కువగా ఈ రెండు రకాలే. చనిపోయినవారు మిగతావారికంటే ఎక్కువ పాపులని మీరనుకుంటున్నారా అని ప్రభువు అడిగాడు. కాదు అని ఆయనే జవాబు చెప్పాడు. మీరు మారుమనస్సు పొందండి అన్నాడు. అంటే చనిపోయినవారి మీద తీర్పు చెప్పడానికి లేచిన వేలును బ్రతికున్నవారి గుండెవైపు తిప్పాడు.

ఆ వెంటనే ఆయన చెప్పిన ఉపమానం కాపులేని అంజూరపు చెట్టు గురించి. తోటమాలి దానికోసం ఇంకొక్క ఏడాది గడువు అడుగుతాడు. చుట్టూ తవ్వి ఎరువు వేస్తానంటాడు. పక్క ఊరి గోపురం మన మీద కూలకపోయిందంటే అది మన నీతికి బహుమానం కాదు, ఫలించడానికి దొరికిన గడువు మాత్రమే.

2004 డిసెంబరు 26 ఆదివారం సునామీ వచ్చింది. సుమత్రా తీరం దగ్గర సముద్రం అడుగున భూమి చీలింది. 14 దేశాల్లో 2,20,000 మందికి పైగా చనిపోయారు. ఇండోనేషియాలోని ఆచే ప్రాంతంలో చనిపోయినవారు ఎక్కువగా ముస్లింలు. తమిళనాడులోని వేళాంగణ్ణిలో క్రిస్మస్‌కు వచ్చిన యాత్రికులను అల ఈడ్చుకుపోయింది. అది పౌర్ణమి రోజు. మన కోస్తా తీరంలో సముద్రస్నానానికి దిగినవారు, వేటకు వెళ్లిన మత్స్యకారులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. క్రిస్మస్ మరునాడు, ప్రభువు దినాన, మొక్కు తీర్చుకోవడానికి వచ్చినవాడిని సైతం ఆ నీళ్లు వదల్లేదు. అయినా ఆ తర్వాతి వారాల్లో 'ఇది ఫలానావారి పాపం వల్ల' అని చెప్పినవారు అన్ని మతాల్లోనూ ఉన్నారు.

ఈ శోధన చిన్నవారికే కాదు, గొప్పవారికీ వచ్చింది. 1755 నవంబరు 1న పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో భూకంపం వచ్చింది. అది సకల పరిశుద్ధుల పండుగ ఉదయం. ఆరాధనలో ఉన్న జనం మీదే చర్చిల కప్పులు కూలాయి. ప్రభువు కోసం వేల మైళ్లు గుర్రం మీద తిరిగిన జాన్ వెస్లీ అంతటివాడు దానిలో దేవుని తీర్పును చూసి ఒక కరపత్రం రాశాడు. 1934 జనవరి 15న బీహార్ భూకంపం వచ్చినప్పుడు గాంధీజీ అది అంటరానితనమనే పాపానికి శిక్ష అన్నారు. అంటరానితనాన్ని ఆయనతోపాటు ద్వేషించిన రవీంద్రనాథ్ టాగూరే ఆ మాటను బహిరంగంగా ఖండించారు. అంటరానితనం ఘోర పాపమే. కానీ ఆ భూకంపంలో గోడ కింద పడినవారిలో అంటరానివారుగా బాధలు పడ్డవారూ ఉన్నారు కదా!

దేవుడు న్యాయాధిపతి కాడని మనం చెప్పడం లేదు. ఆయన తీర్పు తీర్చే దేవుడే. ఆయన ప్రవక్తలను పంపి, తానే చెప్పించిన సందర్భాలు వాక్యంలో ఉన్నాయి. అయితే ఆయన చెప్పని చోట ఆయన పేరుతో మనం తీర్పు రాయకూడదు. యోబు స్నేహితులు ఏడు రోజులు అతని పక్కన నేలమీద మౌనంగా కూర్చున్నారు. వారు చేసిన మంచిపని అదొక్కటే. నోరు తెరిచి కారణాలు వివరించడం మొదలుపెట్టాక చివరికి దేవుని కోపానికి గురయ్యారు (యోబు 42:7).

కాపరులకూ బోధకులకూ ఇక్కడొక పరీక్ష ఉంది. మనం చెప్పబోయే మాటను, ఆ విపత్తులో బిడ్డను పోగొట్టుకున్న తల్లి మొదటి వరుసలో కూర్చుని వింటోందనుకుందాం. ఆమె ముఖం చూస్తూ చెప్పగలమా? చెప్పలేకపోతే ఆ మాట ప్రసంగ వేదిక మీదికి రాకూడదు. ఏడ్చేవారితో కలిసి ఏడవాలన్నది పౌలు ఇచ్చిన ఆజ్ఞ (రోమా 12:15). ఎందుకు ఏడుస్తున్నారో తేల్చి చెప్పమని ఆయన అడగలేదు.

ఇక రెండవ ప్రశ్న. ప్రభువు మళ్లీ వస్తాడన్నది మన నిరీక్షణ, అందులో సందేహం లేదు. కానీ ఆ రాకడను క్యాలెండర్‌లో గుర్తుపెట్టబోయినవారంతా సిగ్గుపడ్డారు. అమెరికాలో విలియం మిల్లర్ బోధ విన్న వేలాదిమంది 1844 అక్టోబరు 22న ప్రభువు వస్తాడని ఎదురుచూశారు. కొందరు రైతులు పంట కూడా కోయలేదు. తెల్లవారింది, ఆయన రాలేదు. 2011లో హెరాల్డ్ క్యాంపింగ్ అనే రేడియో బోధకుడు మే 21 అని తేదీ చెప్పాడు. దాన్ని నమ్మి ప్రచారానికి జీవితకాలపు పొదుపును ఖర్చు చేసినవారున్నారు. మే 22 కూడా మామూలుగానే తెల్లవారింది.

ఇలాంటి లెక్కలు ఒక్కోసారి ప్రాణాల మీదికి తెస్తాయి. 2021లో కోవిడ్ టీకా వచ్చినప్పుడు అది ప్రకటన గ్రంథంలోని మృగం ముద్ర అని, 666 అని పుకార్లు ఎన్నో దేశాల్లో పాకాయి. ఆ పుకారును ముందుకు పంపిన వేళ్లలో విశ్వాసుల వేళ్లూ ఉన్నాయి. అదే ఏడాది ఏప్రిల్, మే నెలల్లో రెండో అల మన దేశంలో ఆక్సిజన్ కోసం మనుషులను ఆసుపత్రుల చుట్టూ తిప్పింది. పొరుగువాడి శ్వాస ఆగిపోతున్నప్పుడు సంఖ్యలకు అర్థాలు వెతుకుతూ కూర్చోవడం విశ్వాసమవుతుందా?

మత్తయి 24వ అధ్యాయాన్ని మనం యుద్ధాల దగ్గర, కరవుల దగ్గర, భూకంపాల దగ్గర చదవడం ఆపేస్తాం. కలవరపడవద్దని ప్రభువు చెప్పింది కూడా అక్కడే. ఇవి వేదనలకు ప్రారంభమే అన్నాడు. ఆ దినమూ గడియా తండ్రికి తప్ప ఎవరికీ తెలియదన్నాడు. మెలకువగా ఉండమన్నాడు. మెలకువగా ఉండడమంటే ఏమిటో ఆ అధ్యాయం చివర్లో ఆయనే చూపించాడు. యజమాని వచ్చేసరికి తన ఇంటివారికి వేళకు అన్నం పెడుతూ కనబడిన దాసుడే ధన్యుడు (24:45-46). ఆకాశం వైపు చూస్తూ కనబడినవాడు కాదు, అన్నం పెడుతూ కనబడినవాడు! తర్వాతి అధ్యాయం కూడా ఆకలిగొన్నవారికీ, దప్పిగొన్నవారికీ, రోగులకూ మనం ఏం చేశామన్న ప్రశ్నతోనే ముగుస్తుంది.

అందుకే మూడవ ప్రశ్న ఒకటి ఉంది. దాన్ని అడిగిన సంఘం అంతియొకయ సంఘం.

శిష్యులు మొదటిసారి క్రైస్తవులని పిలవబడింది ఆ ఊళ్లోనే (అపొ.కా. 11:26). ఈ వచనం మనందరికీ తెలుసు. దాని పక్కనున్న వచనాలను మాత్రం తొందరగా దాటిపోతాం. ఆ దినాల్లోనే యెరూషలేము నుంచి అగబు అనే ప్రవక్త వచ్చి లోకమంతటా గొప్ప కరవు రాబోతోందని ఆత్మ ద్వారా చెప్పాడు. అది క్లౌదియ చక్రవర్తి కాలంలో జరిగిందని లూకా రాశాడు. యూదా చరిత్రకారుడు జోసీఫస్ కూడా ఆ కాలంలో యెరూషలేమును పీడించిన కరవును వర్ణించాడు. అదియబెనె రాణి హెలెనా ఐగుప్తు నుంచి ధాన్యం, కుప్ర నుంచి ఎండు అంజూరపండ్లు తెప్పించి పంచిందని రాశాడు.

లోకమంతటికీ కరవు అన్న మాట విన్నప్పుడు అంతియొకయ విశ్వాసులు ఏం చేశారు? ఎవరి పాపం అని అడగలేదు. ఎన్నాళ్లలో అంతం అని లెక్కలు వేయలేదు. తమ గాదెలు నింపుకునే పనిలోనూ పడలేదు. యూదయలోని సహోదరులకు సహాయం పంపాలని ప్రతివాడూ తన శక్తికొలది నిశ్చయించుకున్నాడు (11:29). 'ఆకలి ముందుగా ఎవరిని తాకుతుంది? మనం ఎంత పంపగలం? ఎవరి చేత పంపుదాం?' ఇవే వారి ప్రశ్నలు. కరవు ఆ సంఘానికి సేవ చేయమని వచ్చిన పిలుపైంది. క్రైస్తవులన్న పేరు వచ్చిన వెంటనే వారికి వచ్చిన పరీక్ష అది. వారు అందులో నెగ్గారు.

చరిత్రలో మంచి సంఘాలన్నీ ఈ దారినే నడిచాయి. మూడవ శతాబ్దంలో రోమా సామ్రాజ్యాన్ని తెగులు పట్టి పీడించినప్పుడు కార్తేజీ బిషప్పు సిప్రియన్, మనవారినే కాదు, మనల్ని హింసించినవారిని కూడా చూసుకోవాలని విశ్వాసులకు బోధించాడు. 1527లో విట్టెన్‌బర్గ్‌లో ప్లేగు వచ్చింది. వెళ్లిపొమ్మని పాలకుడు చెప్పినా మార్టిన్ లూథర్ వెళ్లలేదు. గర్భవతియైన భార్య కేతరీనాతో అక్కడే ఉండి తన ఇంటినే ఆసుపత్రిగా మార్చాడు. అలాగని గుడ్డి ధైర్యాన్ని ఆయన మెచ్చుకోలేదు. మందులు వాడాలని, పనిలేని చోటికి వెళ్లి ఇతరులకు జబ్బు అంటించకూడదని రాశాడు. విశ్వాసం జాగ్రత్తకు శత్రువు కాదు.

మన నేల మీదా ఈ సాక్ష్యం ఉంది. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. సుమారు 10,000 మంది చనిపోయారు. శవాలను ఎత్తడానికీ, ఇళ్లు కట్టడానికీ ఎన్నో సంస్థలు కదిలివచ్చాయి. ప్రొటెస్టెంటు, ఆర్థడాక్సు సంఘాల తరఫున 1947 నుంచి పనిచేస్తున్న 'కాసా' వాటిలో ఒకటి. మన తీరంలో తుపాను ఆశ్రయాలు కట్టిన సంస్థల్లో అదీ ఉంది. తర్వాతి తుపాను రాకముందే కట్టిన గోడలవి. అగబు చెప్పింది కూడా రాబోయే కరవు గురించే. సంఘం ముందుగానే మేలుకుంది. సైరన్ మోగాక చేసే ప్రార్థన మంచిదే, దానికి ముందు కట్టిన గోడ కూడా ప్రార్థనే.

మరి మన సంఘాలు ఏం చేయవచ్చు? మొదట, తెలియని వార్తను ముందుకు పంపకుండా ఆగుదాం. అబద్ధసాక్ష్యం పలకవద్దన్న ఆజ్ఞ ఫోనుకూ వర్తిస్తుంది. రెండవది, 'లోకశాంతి కొరకు' అని ఒక్క మాటతో సరిపెట్టకుండా దేశం పేరు, ఊరి పేరు చెప్పి ప్రార్థిద్దాం. పేరు పలికితే ఆ ఊరు మనకు దూరపుది కాదు. మూడవది, పౌలు కొరింథీయులకు చెప్పినట్టు ప్రతి ఆదివారం కొంత తీసి పక్కన పెడదాం (1 కొరింథీ 16:2). విపత్తు వచ్చాక వెతుక్కునే చిల్లరకూ, ముందే పోగుచేసిన కానుకకూ ఎంతో తేడా ఉంది. నాలుగవది, నమ్మకమైనవారి చేత పంపుదాం, లెక్క చూపిద్దాం. అంతియొకయ తన కానుకను బర్నబా, సౌలుల చేతికిచ్చింది. అయిదవది, తీసుకునేవారి మతం, కులం అడగకుండా ఇద్దాం. మంచి సమరయుడు దారిలో పడివున్నవాడిని నీదే ఊరని అడగలేదు.

మనది చిన్న సంఘం, మనం పంపేది ఏపాటిది అనిపించవచ్చు. మాసిదోనియ సంఘాలు నిరుపేదలైనా ఇచ్చే భాగ్యం తమకు దయచేయమని పౌలును బతిమాలుకున్నాయి (2 కొరింథీ 8:2-4). శక్తికొలది అన్న మాటలో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

అంతియొకయ నేడు టర్కీలో అంతాక్యా అనే పట్టణం. 2023 ఫిబ్రవరి 6 తెల్లవారుజామున 7.8 తీవ్రతతో వచ్చిన భూకంపం ఆ ఊరిని శిథిలాల కుప్పగా మార్చింది. మసీదులూ చర్చిలూ ఒకే తీరున నేలమట్టమయ్యాయి. టర్కీ, సిరియాల్లో 50,000 మందికి పైగా చనిపోయారు. మన దేశం 'ఆపరేషన్ దోస్త్' పేరుతో సహాయక బృందాలను పంపింది. అంతాక్యా ఉన్న హతాయ్ రాష్ట్రంలోనే, ఇస్కెండెరున్‌లో, మన సైన్యం ఆసుపత్రి నడిపింది. ఒకనాడు కరవు వార్త విని యెరూషలేముకు సహాయం పంపిన ఊరే, సుమారు రెండువేల ఏళ్ల తర్వాత శిథిలాల మధ్య చెయ్యి చాచి నిలబడింది. ఇచ్చినవారు రేపు పుచ్చుకునేవారు కావచ్చు, పుచ్చుకున్నవారు రేపు ఇచ్చేవారు కావచ్చు. అందుకే విపత్తులో ఎవరూ న్యాయపీఠం మీద కూర్చోకూడదు.

రేపు ఏ వార్త వస్తుందో మనకు తెలియదు. వచ్చినప్పుడు భయపడేవారూ ఉంటారు, నిందించేవారూ ఉంటారు, లెక్కలు వేసేవారూ ఉంటారు. అప్పుడు మన సంఘంలో ఒక్కరైనా లేచి అంతియొకయ ప్రశ్న అడిగితే చాలు. ఆకలి ఎవరిది? మన దగ్గర ఏముంది? తీసుకుని ఎవరు వెళతారు? యజమాని వచ్చేసరికి వడ్డిస్తూ కనబడే ధన్యత దేవుడు మనకు అనుగ్రహించును గాక!