బూట్ లోడరు ఉండవలసిన చోటు

నెల్లూరు తీరమున కృష్ణపట్నము రేవునకు వచ్చు పెద్ద ఓడ తనంతట తాను లోనికి రాదు. సముద్రములో నిర్ణయించిన చోట ఆగును. అక్కడ రేవు పైలట్ ఓడ నెక్కి దారి చూపును. పైలట్ మరియొక చోట వేచియున్నచో ఓడ కదలదు. కాని అందలి సరుకునకు లోటు రాదు. కంప్యూటరులో లినక్సు ఎక్కించునపుడు వచ్చు ఒక చిక్కు ఇట్టిదే.

మీట నొక్కగానే మొదట మేల్కొనునది మదర్‌బోర్డు చిప్పులోని చిన్న ప్రోగ్రాము. పాత యంత్రములలో దీనిని బయాస్ అనియు, క్రొత్తవానిలో యుఇఎఫ్ఐ అనియు అందురు. ఇది డిస్కులో బూట్ లోడరును వెదకి, పని దానికి అప్పగించును. బూట్ లోడరు లినక్సు కెర్నెలును మెమరీలోనికి తెచ్చును. లినక్సుతో సాధారణముగా వచ్చు బూట్ లోడరు గ్రబ్. దీనిని 1995లో ఎరిక్ బోలీన్ ప్రారంభించెను.

వెదకు చోటు ఈ రెండింటికి వేరు. బయాస్ డిస్కులోని మొట్టమొదటి సెక్టారును చదువును. దాని పరిమాణము 512 బైట్లు. అందు 446 బైట్లు ప్రోగ్రామునకు, 64 బైట్లు డిస్కు విభాగముల పట్టికకు, చివరి 2 బైట్లు గుర్తునకు. ఇంత ఇరుకులో గ్రబ్ అంతయు పట్టదు. తొలి తునక అక్కడ నుండి, మిగిలిన దానిని పిలుచును. యుఇఎఫ్ఐ అట్లుగాక, ఫ్యాట్ పద్ధతిలో అమర్చిన ప్రత్యేక విభాగమునందు ఫైలుగా నున్న లోడరును తెరచును.

ఒక పాఠశాలలో పెన్‌డ్రైవు నుండి లినక్సు ఎక్కించిరనుకొందము. లోడరు పొరపాటున పెన్‌డ్రైవులోనే వ్రాయబడినచో, అది ఉన్నంతవరకు యంత్రము చక్కగా నడచును; తీసివేసినచో మేల్కొనదు. రెండు డిస్కులున్నచో యంత్రము మొదట చదువునది ఒకటి, లోడరు చేరినది మరొకటి కావచ్చును. విండోస్ యుఇఎఫ్ఐ పద్ధతిలో ఉండగా లినక్సును బయాస్ పద్ధతిలో ఎక్కించుట మూడవ పొరపాటు.

ఇట్టి సమయమున డిస్కు చెడినదని భ్రమపడి ఫార్మాట్ చేయరాదు. పాఠములు, మార్కుల పట్టికలు డిస్కులో భద్రముగానే ఉండును; ఫార్మాట్ చేసిననే అవి పోవును. పెన్‌డ్రైవుతో యంత్రమును మరల మేల్కొలిపి, డిస్కులోని లినక్సు విభాగమును తెరచి, గ్రబ్-ఇన్‌స్టాల్ అను ఆజ్ఞతో లోడరును సరియైన చోట వ్రాసిన చాలును. బయాస్ యంత్రములో ఈ ఆజ్ఞకు ఒక విభాగము పేరు గాక మొత్తము డిస్కు పేరు ఈయవలెను. డిస్కుల పేర్లు ఒక్కొక్కమారు తారుమారగును గనుక, ముందుగా పరిమాణమును బట్టి ఏది డిస్కో, ఏది పెన్‌డ్రైవో గుర్తించుట మంచిది.