మన బండలు ఎటు పోతున్నాయి?

హైదరాబాద్‌లో హబ్సిగూడ దాటి ఉప్పల్ వైపు వెళ్తుంటే ఎన్‌జీఆర్‌ఐ, అంటే జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ వస్తుంది. ఉపగ్రహాల సంకేతాలను రాత్రీ పగలూ అందుకునే ఒక జీపీఎస్ కేంద్రం అక్కడ ఉంది. ఆ కేంద్రం ఏటా దాదాపు ఐదు సెంటీమీటర్లు ఈశాన్యంగా జరుగుతోంది. చార్మినార్, గోల్కొండ, హుస్సేన్ సాగర్ అన్నీ దాంతోపాటే. భారత భూఫలకం మొత్తం ఆసియా వైపు తోసుకుపోతోందని పాఠాల్లో చదువుకున్నదే. ఆ నడకను మన కాలంలో, మన కళ్ల ముందే కొలవగలుగుతున్నాం. నేను చేసే పని ఇదే.

ఫోన్‌లో దారి చూపించే జీపీఎస్సే ఇదీ. 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే అవే ఉపగ్రహాలు. ఫోన్ మనం ఏ వీధిలో ఉన్నామో నాలుగైదు మీటర్ల తేడాతో చెబుతుంది, దానికి అది చాలు. ఉపగ్రహం పంపిన కోడ్ ఎంత ఆలస్యంగా చేరిందన్నదాన్ని బట్టి ఫోన్ లెక్క వేసుకుంటుంది. మేం ఆ కోడ్‌ను మోసుకొచ్చే రేడియో తరంగాన్నే పట్టుకుంటాం. దాని పొడవు 19 సెంటీమీటర్లు. మంచి రిసీవర్ అందులో నూరో వంతు తేడాను కూడా గుర్తిస్తుంది, అంటే రెండు మిల్లీమీటర్లు. అయితే గాలి పైపొరల్లోని విద్యుదావేశం, కింది పొరల్లోని తేమ, ఉపగ్రహం గడియారంలోని తేడా ఇవన్నీ లెక్కలోంచి తీసేయాలి. అందుకే రెండు పౌనఃపున్యాల్లో వింటాం, ఒకేచోట రోజుల తరబడి వింటాం. ప్రపంచ దేశాల కేంద్రాలన్నీ కలిసి 1994 నుంచి ఉపగ్రహాల కచ్చితమైన కక్ష్యలను లెక్కగట్టి అందరికీ ఉచితంగా ఇస్తున్నాయి. ఆ ఉమ్మడి శ్రమ లేకపోతే మాలాంటి వాళ్ల పని ముందుకు సాగదు.

చెట్టు, పుట్ట అడ్డులేని గట్టి రాతిబండ దొరికితే మాకు పండగే. బండకు చిన్న రంధ్రం వేసి స్టీలు మేకు దింపుతాం. సరిగ్గా దాని నడినెత్తిన యాంటెన్నా నిలబెడతాం. పక్కన రేకుల షెడ్డు ఉంటే పనికిరాదు, సంకేతం దానికి తగిలి తిరిగొచ్చి కొలతను చెడగొడుతుంది. పాలమూరు వైపు ఒక ఊళ్లో ఇలా మూడుకాళ్ల స్టాండు బిగిస్తుంటే ఒక పెద్దాయన వచ్చి నిలబడ్డాడు.

“సారూ, మా భూములల్ల నుంచి రోడ్డు పోతదా?”

“లేదు పెద్దయ్యా, ఈ బండ ఏడాదికి ఎంత జరుగుతదో చూస్తున్నం.”

“బండ జరుగుడేంది సారు? మా తాత పుట్టకముందు సంది ఈడనే ఉన్నది గద!”

ఆయన అన్నదాంట్లో ఎంతో నిజం ఉంది. ఆ బండ పక్క ఊరితో పోలిస్తే ఎక్కడికీ పోలేదు. హైదరాబాద్, బెంగళూరు రెండు చోట్లా కేంద్రాలున్నాయి. రెండూ ఈశాన్యంగా నడుస్తున్నా వాటి మధ్య దూరం మాత్రం దాదాపు మారడం లేదు. దక్షిణ భారతం ఒకే పలకలా కదులుతోందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

మరి ఆ తోపుడంతా ఎక్కడికి పోతోంది? హిమాలయాల కిందికి. 1990లలో శాస్త్రవేత్త రోజర్ బిల్హమ్ బృందం నేపాల్‌లో జీపీఎస్‌తో కొలిచి, అక్కడ భారత భూమికీ టిబెట్‌కీ మధ్య నేల ఏటా సుమారు రెండు సెంటీమీటర్లు కుదించుకుపోతోందని 1997లో ప్రకటించింది. లోపల రాళ్లు ఒకదానికొకటి బిగుసుకుపోయి ఉంటాయి కాబట్టి, వంచి పట్టుకున్న వెదురుబద్దలో చేరినట్టు అక్కడ బలం చేరుతూ ఉంటుంది. వందేళ్లకు రెండు మీటర్లు. ఆ లెక్క ఏదో ఒకరోజు తీరాల్సిందే.

2015 ఏప్రిల్ 25న అందులో కొంత తీరింది. 7.8 తీవ్రతతో భూకంపం వచ్చి, నేపాల్‌లో తొమ్మిది వేల మంది దాకా చనిపోయారు. ఖాట్మండు లోయ దక్షిణంగా ఒకటిన్నర మీటరుకు పైగా జరిగి, మీటరు దాకా పైకి లేచింది. ఉత్తరాన కొండలు కొంత కుంగాయి. నేపాల్ గనుల, భూగర్భ శాఖ, అమెరికాలోని కాల్‌టెక్ కలిసి అంతకుముందే పెట్టిన జీపీఎస్ కేంద్రాలు సెకనుకు ఐదుసార్లు ఆ కదలికను రాసుకున్నాయి. వాటిని చదివితే ఒక సంగతి బయటపడింది. ఖాట్మండు ఒక పాత చెరువు మట్టి మీద కట్టిన ఊరు. ఆ మట్టి నాలుగైదు సెకన్లకోసారి నెమ్మదిగా ఊగింది. ఆ ఊపు చిన్న ఇళ్ల కంటే ఎత్తయిన కట్టడాలకే ప్రమాదం. లోయలో చిన్న ఇళ్లకు భయపడినంత నష్టం జరగలేదు, ధరహరా గోపురం మాత్రం కూలిపోయింది. ఏ నేల మీద ఎంత ఎత్తు కట్టొచ్చో చెప్పడానికి ఇలాంటి రికార్డు ఒక్కటి వంద ఊహల పెట్టు.

మన తీరానికి నేరుగా సంబంధించింది 2004 డిసెంబర్ 26. ఆ రోజు సునామీని లేపిన సుమత్రా భూకంపం తీవ్రతను మొదట 8 అని అనుకున్నారు, అసలు అది 9 దాటింది. అంత పెద్ద భూకంపం వస్తే తొలి నిమిషాల్లో భూకంప తరంగాలను మాత్రమే చూసి దాని పరిమాణం తేల్చడం కష్టం. నేల ఎన్ని మీటర్లు జరిగిందో చూస్తే అబద్ధం ఉండదు. అండమాన్ నికోబార్ దీవులు చోటును బట్టి కొన్ని మీటర్లు నైరుతికి జరిగాయి. ఆ రోజు నమోదైన జీపీఎస్ వివరాలను వాడుకుని ఉంటే పావుగంటలో అసలు తీవ్రత తెలిసేదని శాస్త్రవేత్త జెఫ్రీ బ్లూయిట్ బృందం 2006లో లెక్కగట్టి చూపింది. సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్‌లోని సునామీ హెచ్చరికల కేంద్రం 2007 నుంచి హైదరాబాద్‌లోనే పనిచేస్తోంది. దీవుల మీది జీపీఎస్ కేంద్రాలు తీరంలోని మత్స్యకారుల ప్రాణాలతో ముడిపడిన సంగతి అని నేను నమ్ముతాను.

నీటి బరువుకూ నేల కుంగుతుంది. బ్రెజిల్‌లో అమెజాన్ పొంగినప్పుడు మనౌస్ పట్టణం ఏటా ఐదు సెంటీమీటర్లకు పైగా దిగి, నీరు తీశాక మళ్లీ లేస్తుంది. అందుకే ఒక ఏడాది కొలతను నమ్మం. కనీసం రెండు మూడేళ్లు అదే చోట, అదే మేకు మీద కొలిస్తేనే వేగం తేలుతుంది. ఒకచోట మేం ఏళ్లుగా కొలుస్తున్న బండను కంకర కోసం పగలగొట్టేశారు. కొత్త బండ మీద మళ్లీ మొదలుపెట్టాం, పోయిన ఏళ్లు మాత్రం ఎవరూ తెచ్చివ్వలేరు.

మీ ఊళ్లో బండకు దిగిన స్టీలు మేకు కనిపిస్తే పీకకండి. బడి ఆవరణలో కంచె వేసి తెల్లటి గుమ్మటంలాంటి యాంటెన్నా పెట్టి ఉంటే దాని దగ్గర రేకుల పందిరి వేయకండి. ఆ బండను కొట్టక తప్పని పరిస్థితి వస్తే, కొట్టకముందే పంచాయతీ ద్వారా కొలిచిన వాళ్లకు కబురు చేయించండి.