వార్తల్లో పదం: పోస్ట్‌మెట్రిక్ ఉపకారవేతనం

పదో తరగతి దాటిన పేద విద్యార్థుల చదువు ఖర్చును ప్రభుత్వం భరించే ఏర్పాటును పోస్ట్‌మెట్రిక్ ఉపకారవేతనం అంటారు. 1944లో షెడ్యూల్డు కులాల విద్యార్థుల కోసం మొదలైన ఈ సాయంలో కళాశాల రుసుముకు సంబంధించిన భాగమే తెలుగునాట ఫీజు రీయింబర్స్‌మెంట్‌గా వాడుకలో ఉంది. కేంద్ర నిబంధనలు ఒకే విద్యాస్థాయిలో రెండో చదువుకు సాయాన్ని అనుమతించవు కనుక, పల్నాడులోని వినుకొండలో బీఏ పూర్తిచేసిన విద్యార్థి మళ్లీ బీకాంలో చేరితే అర్హత కోల్పోతాడు. పట్టా చేతికి రాకముందే కోర్సు మార్చి సాయాన్ని పొడిగించుకోవాలనుకున్నా, ముందస్తు అనుమతి లేని మార్పుకు ఉపకారవేతనం రద్దు కావచ్చు. ఏడాది మధ్యలో చదువు మానితే అందుకున్న సొమ్మును తిరిగి చెల్లించవలసి రావచ్చు. పల్నాటి రైతుల, కూలీల పిల్లలెందరికో ఈ సొమ్మే ఆధారం కాబట్టి, కోర్సు ఎంచుకునేనాడే ఈ నియమాలను వారికి విడమరచి చెప్పడం కళాశాలల కనీస బాధ్యత.