సిరియా యెడారి బాట : బాటసారుల క్షేమము

దమస్కు పట్టణమునకును బాగ్దాదు పట్టణమునకును నడుమ పటముపై నొక గీటు గీచినచో, దాని నిడివి సుమారు 750 కిలోమీటర్లగును. మన దేశములో నంత దూరము పోవుటకు రైలుబండిలో నొక రాత్రి చాలును. అయినను అబ్రాహాము కల్దీయుల ఊరునుండి బయలుదేరి కనానునకు వచ్చినపుడు ఈ గీటు వెంబడి రాలేదు. ఉత్తరముగా హారాను వఱకు పోయి, అచ్చటినుండి దక్షిణమునకు దిగెను. బైబిలు పటము చూచు పిల్లలు “ఇంత వంకర త్రోవ యేల?” అని తఱచుగా నడుగుచుందురు. గొఱ్ఱెలు, మేకలు, స్త్రీలు, బిడ్డలు గల కుటుంబమునకు ప్రతిదినము నీరు కావలెను. నదుల ప్రక్కనే త్రోవ యుండెను. నడుమ నున్నది సిరియా యెడారి.

ఎడారి యనగానే మనము ఇసుక దిబ్బలను తలంచుచుందుము. ఇది యట్టిది కాదు. చాల భాగము గులకఱాలు పఱచిన గట్టినేల; నైరృతి భాగమున నల్లని అగ్నిశిలలు. నేల గట్టిది గనుకనే రోడ్డు వేయకున్నను మోటారు నడచును. కాని గురుతు పట్టుటకు చెట్టుగాని గుట్టగాని లేని తావులు పెక్కు. 1921లో ఆంగ్లేయ వైమానికులు టపా విమానములు త్రోవ తప్పకుండుటకై ఈ యెడారి నేలపై మైళ్లకొలది నాగటిచాలు వేయించిరి. ఆకాశమున పోవువానికే చాలు కావలసివచ్చిన చోట నేలపై పోవువాని సంగతి చెప్పనేల? వేసవిలో బండి చెడినచో కాలినడకను సహాయము వెదకబోవుట ప్రాణాపాయము. బండి నీడనే కూర్చుండి నీటిని కాపాడుకొనుట మేలు. వెదకువారికి మనిషికంటె బండి సులభముగా కనబడును.

1923లో న్యూజిలాండు దేశస్థులగు నార్మన్ నెయిర్న్, జెరాల్డు నెయిర్న్ అను అన్నదమ్ములు ఈ యెడారిమీదుగా మోటారు సర్వీసు నారంభించిరి. ఒంటెల బిడారులకు వారములు పట్టు దూరమును వారి కార్లు ఇంచుమించు ఒక పగలు ఒక రాత్రిలో దాటెను. కార్లు గుంపుగా పోవుటయే కాని ఒంటరిగా పోవు పద్ధతి లేదు. నడిమిదారిలో రుత్బా యనుచోట బావులుండెను. అచ్చట కోట కట్టబడిన పిమ్మట ప్రయాణికులకు భోజనమును విశ్రాంతియు దొరకెను. ఇంకొక యేర్పాటు గూడ గలదు: ఎడారి తెగల పెద్దలకు సొమ్ము ముట్టజెప్పి కాపుదల పొందుట. దీనిని లంచమని కొందఱందురు. నాకట్లు తోచదు. తమ బావులమీదుగా, తమ మేతభూములమీదుగా పోవు బిడారులవద్ద సుంకము గొనుట ఆ తెగలకు అనాదిగా వచ్చిన హక్కు. సుంకము గొనినవాడు బాటసారికి పూచీపడును.

అయితే 1925లో ఫ్రెంచివారిపై సిరియాలో గొప్ప తిరుగుబాటు లేచెను. నాటినుండి ఈ పూచీ చెల్లలేదు. కార్ల గుంపులపై దాడులు జరిగెను. సర్వీసును కొంతకాలము దక్షిణముగా అమ్మానుమీదుగా మరల్పవలసి వచ్చెను. కలహముగల దేశమందలి ప్రయాణమునకు ఇదియే మూలమైన చిక్కు. శాంతికాలమున ఏ త్రోవకు ఎవడు పూచీదారుడో తెలియును. కలహకాలమున ఉదయము నొకడు, సాయంకాలము మఱియొకడు. ఒకడిచ్చిన చీటిని రెండవవాడు మన్నింపడు. ఒక్కొక్కప్పుడు ఆ చీటియే నేరమగును.

సైనికుల కాపుతో పోవచ్చును గదా యని యడుగవచ్చును. ఎజ్రా బబులోనునుండి వెండి బంగారములతో యెరూషలేమునకు పోవునపుడు రాజును కాపు నడుగుటకు సిగ్గుపడి, అహవా నదియొద్ద ఉపవాసముండి కదలెను. నెహెమ్యాయో, రాజు పంపిన సేనాధిపతులను రౌతులను వెంటబెట్టుకొని, నది యవతలి అధికారులకు తాకీదులను గూడ చేతబట్టుకొని పోయెను. ఇద్దఱును చేరిరి. ఇద్దఱిలో నెవరినిగాని తప్పుపట్టుటకు లేఖనము మనకు తావియ్యదు. నా మట్టుకు నెహెమ్యా తాకీదులు మిక్కిలి నచ్చును. అవి నేటి పాస్‌పోర్టు, వీసాల వంటివి. సైనికుల కాపు దొంగలను తొలగించును గాని, ఆ సైనికుల శత్రువులను పిలుచును.

ఈ బాట మన తెలుగువారికి పరాయిది కాదు. 1990 ఆగస్టు 2వ తేదీన ఇరాకు సేనలు కువైట్టులో ప్రవేశించెను. అచ్చట పనిచేయుచుండిన లక్షకు పైబడిన భారతీయులలో కడప, గోదావరి మండలములవారు పెక్కుమంది. కువైట్టు విమానాశ్రయము మూతపడుటచే వారు బస్సులలో బస్రా, బాగ్దాదు మీదుగా ఈ యెడారిని దాటి జోర్డాను సరిహద్దునకు రావలసివచ్చెను. సరిహద్దున గుడారములలో ఎండలో నీటికి వరుసలు నిలిచి దినములు గడపిరి. అమ్మానునుండి ఆగస్టు మొదలు అక్టోబరు వఱకు మన ప్రభుత్వమువారి విమానములు వారిని బొంబాయికి చేర్చెను. ఆ ప్రయాణములో ధనముకంటె పనికివచ్చినది చేతిలోని పాస్‌పోర్టు. యజమాని పెట్టెలో పాస్‌పోర్టు చిక్కుకొనినవాడు తానెవరో చెప్పుకొనుటకే శ్రమపడవలసి వచ్చెను.

మన పాఠశాల పిల్లల తండ్రులలో నేడును గల్ఫునందున్నవారు కలరు గనుక ఒక మాట చెప్పవలెను. పదవ తరగతి తేఱనివారు ఆ దేశములకు పనికై పోవునపుడు ప్రవాసుల సంరక్షణాధికారి యనుమతి పొందవలెను. ఆ కార్యాలయము హైదరాబాదునను గలదు. చూచివచ్చువారి వీసాతో పనికి పంపు దళారి ఈ యనుమతిని తప్పించును. అట్లు పోయినవారి పేరు మన ప్రభుత్వమువారి పుస్తకములలో నుండదు. కలహము లేచిననాడు రాయబారి వారిని ఎచ్చట వెదకును? పాస్‌పోర్టు నకలు ఇంటను, మఱియొకటి యొంటిమీదను ఉంచుకొనుట మంచిది.

2014 తరువాత ఈ బాటకు ఇంకను చెడ్డ దినములు వచ్చెను. ఆ యేట రుత్బా ఇస్లామిక్ స్టేటు అను ముష్కర దళముల వశమై, 2016 వఱకు విడుదల పొందలేదు. తద్మోరు, అనగా పల్మైరా, 2015 మే నెలలో పడెను. ఆగస్టులో అచ్చటి శిథిలములను జీవితాంతము కాపాడిన వృద్ధ పండితుడు ఖాలిద్ అల్ అసదును వారు చంపిరి. ఇరాకు జోర్డానుల నడిమి త్రెబీలు సరిహద్దు 2015లో మూయబడి, 2017 ఆగస్టులో మఱల తెఱవబడెను.

సరిహద్దు తెఱచినంతమాత్రమున త్రోవ తెఱచినట్లు కాదు. పోయిన సైన్యము నేలలో పాతిన మందుపాతరలను వెంట తీసికొనిపోదు. ఆ యెడారిలో చలికాలపు వానల తరువాత కమా యను పుట్టగొడుగు నేలలో పుట్టును. దానికి మంచి వెల గలదు. బీదలు దానికై గుంపులుగా వెదకుచు పోయి, మందుపాతరలవలనను తుపాకులవలనను ఏటేట చచ్చుచుండిరి. 2023 ఫిబ్రవరిలో సుఖ్నా సమీపమున ఒక్క దాడిలోనే 50 మందికి పైగా హతులైరి. 2024 డిసెంబరులో ప్రభుత్వము మాఱి జనులు తమ పొలములకు తిరిగివచ్చిన పిమ్మట గూడ మందుపాతరలచే వందలకొలది మరణించిరి. అందుచేత అట్టి త్రోవలలో తెలిసిన బండివాడు తారురోడ్డు దిగడు. ఎదురుబండికి త్రోవ యిచ్చుటకైనను, కాలకృత్యములకైనను చక్రములు నడచిన జాడ విడువడు. మందుపాతరలు తీయువారు పెక్కు దేశములలో హద్దురాళ్లకు రెండు రంగులు పూయుదురు: ఎఱుపు వైపు అపాయము, తెలుపు వైపు వెదకి చూచిన నేల.