పాఠం: శిలీంధ్రాలు – శరీరం, ప్రత్యుత్పత్తి, వర్గీకరణ

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• శిలీంధ్రాలు మొక్కలు ఎందుకు కావో చెప్పగలుగుతారు.
• శిలీంధ్రం ఆహారం తీసుకొనే తీరును, ప్రత్యుత్పత్తి జరిపే పద్ధతులను వివరించగలుగుతారు.
• ముఖ్యమైన శిలీంధ్ర సమూహాలను గుర్తించగలుగుతారు.
• బూజు పట్టిన గింజలు ఎందుకు తినకూడదో ఇంట్లోవారికి చెప్పగలుగుతారు.

1. ఒక వేరుశనగ గింజ

ఢిల్లీలోని ధౌలా కువాన్ పేరు మీరు వినే ఉంటారు. తిరుమల తిరుపతి దేవస్థానం వారు 1961లో స్థాపించిన శ్రీ వేంకటేశ్వర కళాశాల ఉన్నది అక్కడే. చలికాలంలో ఢిల్లీ రోడ్ల పక్కన వేయించిన వేరుశనగకాయలు అమ్ముతారు. మీరు ధౌలా కువాన్‌లో బస్సు దిగి ఒక పొట్లం కొన్నారనుకోండి. ఒక కాయ ఒలవగా లోపలి గింజ ముడుచుకుపోయి ఉంది. దానిమీద పచ్చని పొడి కూడా ఉంది. దాన్ని ఊది, తుడిచి నోట్లో వేసుకోవచ్చా? ఈ ప్రశ్నను గుర్తుంచుకోండి. పాఠం పూర్తయ్యేసరికి జవాబు మీరే చెప్పగలరు.

2. శిలీంధ్రాలు మొక్కలు కావు

బూజు, ఈస్టు, పుట్టగొడుగు – ఇవన్నీ శిలీంధ్రాలే. కదలకుండా ఒకేచోట పెరుగుతాయి కాబట్టి పూర్వం వీటిని మొక్కలలో చేర్చారు. అయితే వీటిలో పత్రహరితం లేదు. కాబట్టి సూర్యకాంతితో ఆహారం తయారుచేసుకోలేవు. వీటి కణకవచంలో ముఖ్యంగా కైటిన్ ఉంటుంది. రొయ్య పెంకులో ఉండేదీ అదే పదార్థం. మన కాలేయంలో లాగే వీటిలోనూ ఆహారం గ్లైకోజెన్ రూపంలో నిలువ ఉంటుంది. 1969లో విట్టేకర్ అనే శాస్త్రజ్ఞుడు జీవులను ఐదు రాజ్యాలుగా విభజించి, శిలీంధ్రాలకు ప్రత్యేక రాజ్యం ఇచ్చాడు. ఇవి మొక్కలకన్నా జంతువులకే దగ్గరి బంధువులని తరువాత డి.ఎన్.ఎ. పరిశోధనలు తెలిపాయి.

3. శరీరం, ఆహారం

ఈస్టు ఒకే కణం గల జీవి. మిగిలిన శిలీంధ్రాలలో చాలావాటి శరీరం సన్నని దారాలతో ఏర్పడుతుంది. ఈ దారాలను శిలీంధ్ర తంతువులు అంటారు. తంతువులన్నీ అల్లుకొని ఏర్పడిన వలను శిలీంధ్రజాలం అంటారు.

మనం ఆహారాన్ని తిని, తరువాత జీర్ణం చేసుకొంటాం. శిలీంధ్రం ముందు జీర్ణం చేసి, తరువాత తీసుకొంటుంది. తంతువులు ఆహారంలోకి చొచ్చుకుపోయి ఎంజైములను బయటికి వదులుతాయి. కరిగిన ఆహారాన్ని పీల్చుకొంటాయి. అంటే శిలీంధ్రం ఆహారం మీద కూర్చుని తినదు; ఆహారం లోపలే నివసిస్తుంది.

కుళ్లిన పదార్థాలమీద బతికేవి పూతికాహారులు. ఇవి లేకపోతే రాలిన ఆకులు, కొమ్మలు మట్టిలో కలవడం చాలా కష్టం. బతికి ఉన్న జీవులనుంచి ఆహారం తీసుకొని వాటికి హాని చేసేవి పరాన్నజీవులు. వరిలో అగ్గితెగులు కలిగించేది ఇటువంటిదే. కొన్ని శిలీంధ్రాలు మొక్కల వేళ్లతో చేరి వాటికి నీరు, లవణాలు అందించి, బదులుగా చక్కెర తీసుకొంటాయి. ఇది సహజీవనం.

చేసి చూడండి: ఒక రొట్టె ముక్కను నీటితో తడిపి గాజు సీసాలో పెట్టి మూత బిగించండి. నాలుగైదు రోజులు గమనించండి. మొదట తెల్లని దూది వంటిది, తరువాత నల్లని చుక్కలు కనబడవచ్చు. మూత తీయకండి, వాసన చూడకండి. తరువాత సీసాతో సహా పారవేయండి.

4. ప్రత్యుత్పత్తి

రొట్టెమీద మీరు చూసిన ఒక్కొక్క నల్లని చుక్క ఒక సిద్ధబీజాశయం. అది పగిలితే సిద్ధబీజాలు గాలిలో ఎగిరిపోతాయి. తడి, ఆహారం దొరికినచోట మొలకెత్తుతాయి. ఇది అలైంగిక ప్రత్యుత్పత్తి. ఈస్టు కణం మొగ్గ తొడుగుతుంది. మొగ్గ పెరిగి విడిపోతుంది. కల్లు పులిసి నురగ రావడానికి కారణం ఈస్టే.

లైంగిక ప్రత్యుత్పత్తిలో రెండు తంతువుల కేంద్రకాలు కలుస్తాయి. అందువల్ల కొత్త లక్షణాలు గల సంతతి వస్తుంది. రొట్టె బూజులో ఇలా ఏర్పడిన సంయుగ్మబీజానికి మందమైన గోడ ఉంటుంది. అది కఠిన పరిస్థితులను తట్టుకొంటుంది.

పుట్టగొడుగు కూడా ప్రత్యుత్పత్తి భాగమే. చెట్టుకు పండు ఎలాగో శిలీంధ్రానికి అది అలాగే. చెదపుట్టలమీద మొలిచే పుట్టగొడుగులను చూడండి. వాటి శిలీంధ్రజాలాన్ని చెదలు పుట్ట లోపల పెంచుతాయి. బయట కనబడే గొడుగు అందులో కొద్ది భాగం మాత్రమే.

5. వర్గీకరణ

లైంగిక సిద్ధబీజాలు ఏర్పడే విధానాన్నిబట్టి పాఠ్యపుస్తకాలలో ఈ విభాగాలు చెబుతారు:

(అ) జైగోమైసిటీస్: సంయుగ్మబీజాలు ఏర్పడతాయి. ఉదా: రొట్టె బూజు. నేడు ఈ విభాగాన్ని మరికొన్ని సమూహాలుగా విడదీశారు.
(ఆ) ఆస్కోమైసిటీస్: తిత్తి లోపల, సాధారణంగా ఎనిమిది బీజాలు. ఉదా: ఈస్టు, పెనిసిలియం. 1928లో ఫ్లెమింగ్ పెనిసిలిన్‌ను కనుగొన్నది పెనిసిలియం బూజు వల్లనే.
(ఇ) బెసీడియోమైసిటీస్: గద వంటి కణం వెలుపల, సాధారణంగా నాలుగు బీజాలు. ఉదా: పుట్టగొడుగులు, తుప్పు తెగుళ్లు, కాటుక తెగుళ్లు.
(ఈ) డ్యుటిరోమైసిటీస్: లైంగిక దశ తెలియని వాటిని ఇందులో ఉంచేవారు. వీటిని అసంపూర్ణ శిలీంధ్రాలు అన్నారు. నేడు డి.ఎన్.ఎ. సాయంతో వాటి అసలు స్థానం నిర్ణయిస్తున్నారు.

శిలీంధ్రాన్ని గుర్తించాలంటే పోల్చిచూడటానికి నమూనాలు కావాలి. ధౌలా కువాన్‌కు కొద్ది మైళ్ల దూరంలో పూసా వ్యవసాయ పరిశోధన సంస్థ ఉంది. అక్కడ 1905లో బట్లర్ ప్రారంభించిన శిలీంధ్ర నమూనాల భాండాగారం ఉంది. మొదట ఇది బీహారులోని పూసాలో ఉండేది. 1934 భూకంపంలో అక్కడి భవనాలు దెబ్బతినడంతో 1936లో సంస్థ ఢిల్లీకి వచ్చింది. ఊరి పేరు కూడా వెంట వచ్చింది.

6. గింజ సంగతి

ఇప్పుడు మన వేరుశనగ గింజ దగ్గరికి వద్దాం. దానిమీది పచ్చని పొడి ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు సిద్ధబీజాలు కావచ్చు. ఇది చాలాకాలం అసంపూర్ణ శిలీంధ్రాల జాబితాలో ఉండేది. దీని లైంగిక దశ 2009లో బయటపడింది. ఇది అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారుచేయగలదు. ఈ విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది. క్యాన్సరుకు కూడా కారణం కాగలదు.

1974లో గుజరాత్, రాజస్థాన్ సరిహద్దు గ్రామాలలో వానకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్నను ప్రజలు తిన్నారు. వందమందికి పైగా కామెర్లతో మరణించారు. కారణం అఫ్లటాక్సిన్ అని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు తెలిపారు. ఆ ఇళ్లలో తిండికి మరో దారి లేదు. విషం సంగతి చెప్పినవారూ లేరు.

పైన ఉన్న పొడిని తుడవవచ్చు. కాని తంతువులు గింజ లోపల ఉన్నాయి, విషమూ లోపలే ఉంది. వేయించినా, ఉడికించినా అది పూర్తిగా పోదు. కాబట్టి ఆ గింజను పారవేయాలి. పశువులకూ పెట్టరాదు.

కాయలను బాగా ఎండబెట్టండి. ఊపితే గింజ గలగలలాడాలి. పగిలిన, ముడుచుకున్న కాయలను ఏరివేయండి. బస్తాలను నేలకు, గోడకు తగలకుండా చెక్కలమీద పెట్టండి.

మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి
1. శిలీంధ్రాల కణకవచంలో ముఖ్యమైన పదార్థం ఏది?
2. ఈస్టు అలైంగికంగా ఎలా వృద్ధి చెందుతుంది?
3. పచ్చడి పైన బూజు తీసివేసి కింది భాగం తినవచ్చునని మీ పొరుగింటివారు అన్నారు. మీరేమి చెబుతారు?

జవాబులు
1. కైటిన్. 2. మొగ్గ తొడగడం ద్వారా. 3. కనబడే బూజు కొద్ది భాగమే. తంతువులు, విషం కిందికి వ్యాపించి ఉండవచ్చు. ఏ బూజు విషపూరితమో కంటితో చెప్పలేం. కాబట్టి తినకూడదు.